మూడు సెట్ల టైర్లు, 74 వేల కిలోమీటర్లు: మాజ్దా ఎంఎక్స్-5తో ఆరేళ్లు

కారు కొన్న మొదటి వారమే పెట్రోల్ బంకులో ఒకాయన దగ్గరికొచ్చి అడిగాడు, "మీ ఆయనదా అండీ?" అని. నాదేనన్నాను. "అయితే మంచి స్పీడే" అని నవ్వి వెళ్లిపోయాడు. ఈ ఆరేళ్లలో ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. టాప్ తీసేసిన ఎర్ర రంగు రెండు సీట్ల కారులో నడివయసు ఆడమనిషి ఒక్కతే కనిపిస్తే చూసేవాళ్లు తలా ఒక కథ అల్లేసుకుంటారు. డబ్బు ఎక్కువైందని కొందరు, వయసు మీద పడుతోందన్న బెంగ అని కొందరు, దూకుడు మనిషి అని ఇంకొందరు. మొదట్లో బాధ కలిగేది. ఇప్పుడు కలగడం లేదు. కారుని బట్టి నడిపే మనిషిని అంచనా వేయొచ్చనే నేనూ అంటాను. కాకపోతే వాళ్లు చూసే చోటు వేరు, చూడాల్సిన చోటు వేరు. అది నాకు తెలియడానికి 19 వేల కిలోమీటర్లు పట్టింది.

ముందు కారు గురించి చెప్తాను. నాది 2019లో కొన్న నాలుగో తరం ఎంఎక్స్-5. 2.0 లీటర్ ఇంజిన్, 184 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) పవర్, ఆరు గేర్ల మాన్యువల్. టర్బో లేదు. పవర్ మొత్తం రావాలంటే 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా వెళ్లాలి. బరువు వెయ్యి కిలోల కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆగి ఉన్న చోటు నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కంపెనీ లెక్క ప్రకారం 6.5 సెకన్లు. ఈ రోజుల్లో పిల్లల్ని బడిలో దింపే ఎలక్ట్రిక్ కార్లు కొన్ని దీన్ని సులువుగా దాటిపోతాయి. అందుకని అందరికంటే ముందుండాలని దీన్ని కొనేవాళ్లకు నిరాశ తప్పదు. 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించినప్పటి నుంచి ఈ కారు పద్ధతి ఒకటే: తక్కువ బరువు, ముందు ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, రెండే సీట్లు. 2016లో పది లక్షలో కారు తయారైంది. పది లక్షల మందీ డబ్బు మదంతోనో వయసు బెంగతోనో కొన్నారంటే నేను నమ్మను.

దీన్ని తయారుచేసినవాళ్లు 'జిన్బా ఇత్తై' అనే జపనీస్ మాట వాడతారు. గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం అని అర్థం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మన సామెత గుర్తొస్తుంది, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని. నా విషయంలో జరిగింది దానికి తలకిందులు. గుర్రం బాగానే ఉంది, రౌతే మరీ మొరటు.

మొదటి ఏడాది నేను నడిపిన తీరు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సిగ్నల్ దగ్గర పక్క బండి వాడు రేజ్ చేస్తే నేనూ చేసేదాన్ని. పచ్చ లైట్ పడగానే అవసరం లేకపోయినా ముందుకు దూకేదాన్ని. మలుపులోకి వేగంగా వెళ్లిపోయి, సగంలో భయమేసి బ్రేక్ తొక్కేదాన్ని. కారు ప్రతిసారీ నన్ను కాచుకుంటూ వచ్చింది. దాన్ని నా నైపుణ్యం అనుకున్నాను.

ఒక సాయంత్రం సన్నగా వాన పడుతోంది. రెండో గేర్‌లో ఒక మలుపు తిరుగుతున్నాను. మలుపు ఇంకా పూర్తి కాకముందే ఎక్సలరేటర్ కాస్త గట్టిగా తొక్కాను. వెనక భాగం పక్కకు జారింది. మీటర్ల మధ్య పసుపు రంగు లైట్ మిణుకుమంది, ఇంజిన్ తనంతట తనే మెత్తబడింది, కారు నిటారుగా సర్దుకుంది. అంతా ఒక్క క్షణం. జారింది బారెడు దూరం ఉంటుందేమో. కానీ ఆ బారెడుకు అవతల, రోడ్డు అంచున ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను చూడలేదు, అటువైపు తిరిగి ఉన్నాడు. ఆయన వీపు, నల్ల గొడుగు, దాని అంచు నుంచి కారుతున్న నీళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు కారుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. టైర్లలో ఏదో లోపం ఉందని నా నమ్మకం. ఆయన కారుని పైకి లేపి, ముందు చక్రం తిప్పుతూ టైరు మీద అరచెయ్యి పెట్టి బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి రాశారు. తర్వాత నన్ను పిలిచి, "అమ్మా, ఇలా చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. ఒక వైపు రాస్తే నున్నగా జారిపోయింది. రెండో వైపు రాస్తే రంపం పళ్లలా చేతికి గుచ్చుకుంది. బయటి అంచు దాదాపు గుండు అయిపోయి ఉంది, లోపలి అంచులో గాడులు ఇంకా బాగానే ఉన్నాయి.

"అలైన్‌మెంట్ తేడా ఉన్నా ఇలాగే అరుగుతుంది, ముందు అది చూద్దాం" అని మెషిన్ మీద పెట్టారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఆయన, "కారుది కాదమ్మా. మీరు మలుపులోకి వేగంగా వెళ్తున్నారు. బండి తిరగకపోతే స్టీరింగ్ ఇంకా తిప్పుతున్నారు. టైరు దొర్లాల్సింది పోయి రోడ్డుకి రుద్దుకుంటోంది" అన్నారు. వెనక టైర్లలో గాడుల లోతు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. వానలో నీళ్లు బయటికి పోవాలంటే ఆ గాడులే దారి. అది సరిపోకే నిన్న వెనక భాగం జారింది.

ఆయన ఏనాడూ నా పక్కన కూర్చోలేదు. అయినా ఏడాదిగా నా వెనకే కూర్చుని చూసినట్టు చెప్పారు. బంకులో మనిషి చూసింది రంగునీ టాప్‌నీ. ఈయన చూసింది అరచెయ్యంత రబ్బరు. కారు రోడ్డుని తాకేది అక్కడే, ఒక్కో చక్రం దగ్గర దాదాపు అంత మేరే. నేనెలాంటి డ్రైవర్‌నో అక్కడ రాసి ఉంది. మొదటి సెట్ 19 వేలకే అయిపోయింది.

తర్వాత నేర్చుకోవడం మొదలుపెట్టాను. డ్రైవింగ్ శిక్షణకు రెండు రోజులు వెళ్లాను, మిగతాదంతా రోజువారీ దారిలోనే. చెప్పుకోవడానికి చిన్న విషయాలే. బ్రేక్ వేసే పని మలుపుకు ముందే, కారు తిన్నగా ఉండగానే ముగించాలి. బ్రేక్ వేస్తే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అలాంటప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే ఏమవుతుందో ఈ కారులో నడుము కింద తెలిసిపోతుంది, ఎందుకంటే మన సీటు వెనక ఇరుసుకు దగ్గర్లోనే ఉంటుంది. గేర్ దించేటప్పుడు ఎక్సలరేటర్‌ని రవ్వంత తాకి ఇంజిన్ వేగాన్ని కలిపితే క్లచ్ వదిలినా కారు ఉలిక్కిపడదు. అది కుదరడానికి నాకు మూడు నెలలు పట్టింది. నాలుగు నుంచి మూడుకి దించినప్పుడు పక్కన ఉన్నవాళ్ల తల కదలకుండా ఉంటే ఆ రోజంతా నాకు సంతోషం. ఈ గేర్ రాడ్ పొట్టిది, మణికట్టు తిప్పితే చాలు, చిన్న టక్కుమన్న చప్పుడుతో కూర్చుంటుంది. ఆ ఒక్కదాని కోసమే ఈ కారు కొన్నా తప్పు లేదనిపిస్తుంది.

ఇంకో లెక్క కూడా తలలో నాటుకుపోయింది. వేగం 60 నుంచి 80కి పెంచితే బ్రేక్ తొక్కాక ఆగడానికి పట్టే దూరం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. మలుపు అవతల ఏముందో కనపడకపోతే, కనపడినంత మేరలో ఆగగలిగే వేగంలోనే వెళ్తాను. గొడుగు పెద్దాయన అక్కడ నిలబడి ఉన్నట్టే అనుకుంటాను. ఇలా నడిపినా ఈ కారు ఆనందం ఏమీ తగ్గదు. కింద కూర్చుంటాం కాబట్టి యాభైలో వెళ్తున్నా ఎనభైలా ఉంటుంది. ఇంజిన్‌ని రెండో గేర్‌లో పూర్తిగా సాగదీసినా మరీ ప్రమాదకరమైన వేగాలకు చేరం. నాలుగు వందల పీఎస్ కారులో ఆ సుఖం మామూలు రోడ్డు మీద దొరకదు.

రెండో సెట్ 31 వేలు వచ్చింది. ఇప్పుడున్న మూడో సెట్ 24 వేలు తిరిగింది, గాడులు ఇంకా నాలుగు మిల్లీమీటర్లు ఉన్నాయి. క్లచ్ మొదటిదే. ముందు బ్రేక్ ప్యాడ్లు 52 వేల దగ్గర ఒక్కసారి మార్చాను.

రోజువారీ సంగతులు. లీటరుకు సుమారు 14 కిలోమీటర్లు ఇస్తోంది. డిక్కీ 130 లీటర్లే, రెండు మెత్తటి బ్యాగులు పడతాయి, గట్టి సూట్‌కేస్ పట్టదు. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్‌తోనే సరిపెట్టుకోవాలి. పక్క సీటు ముందు గ్లవ్ బాక్స్ కూడా లేదు, కాగితాలన్నీ సీట్ల మధ్య వెనక ఉన్న చిన్న అరలో పెట్టుకోవాలి. హైవే మీద టాప్ మూసి ఉన్నా చప్పుడు ఎక్కువే, ఫోన్ మాట్లాడటం కష్టం. నాకైతే మాట్లాడకపోవడమే నయం. ఎర్ర కారుకు ఇన్సూరెన్స్ ఎక్కువని చాలామంది చెప్పారు. నేను నింపిన ఫారంలో రంగు అడిగే గడే లేదు.

గాలి విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ఈ కారుకు కంపెనీ చెప్పిన గాలి 29 పీఎస్ఐ. బరువు తక్కువ కాబట్టి అంతే చాలు. గాలి కొట్టే అబ్బాయిలు అలవాటు కొద్దీ 35 కొట్టేస్తారు. అప్పుడు టైరు మధ్యలో అరుగుతుంది, చిన్న గుంతకే కారు ఎగిరెగిరి పడుతుంది, తడిలో పట్టు తగ్గుతుంది. రెండు వారాలకోసారి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా నేనే చూసుకుంటాను. అలాగే టాప్ మడిచే చోట వెనక నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. వాటిలో ఆకులు, దుమ్ము చేరితే వాననీళ్లు లోపలికి తిరుగుతాయి. వానలకు ముందు ఒకసారి మెత్తటి గొట్టంతో శుభ్రం చేస్తే చాలు.

తెలిసినవాళ్లు ఒకరు దీన్ని "స్వార్థపు కారు" అన్నారు. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. నిజమే, ఇంట్లో అందరికీ సరిపడే ఇంకో కారు ఉంది కాబట్టే ఇది కొనగలిగాను. నలుగురున్న ఇంటికి ఇదొక్కటే కారైతే కొనమని చెప్పను. కానీ ఇందులో పక్కన ఒక్కరికే చోటుండటం వల్ల నాకు దక్కినవి కూడా ఉన్నాయి. మా అబ్బాయి పెద్ద కారులో వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. ఇందులో నా పక్కనే, నా భుజానికి భుజం తగిలేలా కూర్చోవాలి. వాడికి పరీక్షలంటే ఎంత టెన్షనో, రాత్రిళ్లు నిద్రపట్టక ఏం చేస్తాడో మొదటిసారి చెప్పింది ఈ సీట్లోనే. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. ముందు నడుము వాల్చి కూర్చుని తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకోవాలని నేర్పించాను. దిగడానికి చెయ్యి అందించాలి. అద్దం పైన ఉన్న కొక్కెం తీసి, ఒంటి చేత్తో టాప్ వెనక్కి తోసి, టక్కుమనే దాకా నొక్కాను. ఆమె ఆకాశం చూసి, "ఇన్నాళ్లూ డబ్బాల్లో తిప్పావే నన్ను" అంది. ఇప్పుడు వారం వారం అడిగి మరీ ఎక్కుతుంది.

కిందటి నెల నా స్నేహితురాలి తమ్ముడు వాడిన ఎంఎక్స్-5 కొనాలనుకుంటూ, "అక్కా, మీరొచ్చి చూడండి" అన్నాడు. రెండు కార్లు చూశాం. మొదటిది పాలిష్‌తో అద్దంలా మెరుస్తోంది. అమ్మే అతను ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే, అది ఇంకా చల్లగా ఉండగానే గట్టిగా రేజ్ చేసి సైలెన్సర్ చప్పుడు వినిపించాడు. నేను కిందికి వంగి టైర్లు చూశాను. నాలుగు టైర్లు, మూడు కంపెనీలవి. ముందు రెండింటి బయటి అంచులు నా మొదటి సెట్‌లాగే ఉన్నాయి. చెయ్యి పెట్టి రాస్తే అదే రంపం. ఒక వెనక టైరు పక్కన 1114 అని ఉంది, అంటే 2014 పదకొండో వారంలో తయారైంది. చెయ్యి దులుపుకుని వచ్చేశాం.

రెండోది అరవై దాటిన ఒకావిడది. బానెట్ ముందంచు నిండా రాళ్లు తగిలిన మచ్చలు, డ్రైవర్ సీటు అంచు కాస్త వెలిసింది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి, అడ్డంగా అంతటా సమానంగా అరిగాయి. నీళ్ల రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టుకుని వెళ్తూ ఇంజిన్ వేడెక్కే దాకా 3,000 ఆర్‌పీఎం దాటనివ్వలేదు. దిగాక ఒక పాత డైరీ ఇచ్చింది. ఆయిల్ ఎప్పుడు మార్చింది, ఏ టైరు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేసింది, అన్నీ గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. తమ్ముడు నా వైపు చూశాడు. తీసుకోమన్నాను.

ఇంటికి వచ్చే దారిలో గాలి చూశాం. ముందు రోజు ఎవరితోనో కొట్టించిందట, నాలుగింటిలోనూ 35 ఉంది. టైర్లు చల్లబడే దాకా ఆగి, ఇద్దరం చెరో వైపు కూర్చుని 29కి దించాం.