బీఎల్‌డీసీ ఫ్యాన్లు: నాలుగైదు వేసవులు వాడాక

కరెంటు బిల్లు తగ్గాలంటే అందరి చూపూ ముందు ఏసీ మీదికో ఫ్రిజ్ మీదికో పోతుంది. మా బిల్లులో కంటికి కనపడేంత తేడా తెచ్చినవి మాత్రం సీలింగ్ ఫ్యాన్లు. పాతవి తీసేసి బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ డీసీ మోటారు ఉన్నవి, బిగించి నాలుగైదు వేసవులు గడిచాయి. కొన్న కొత్తలో ఏ వస్తువైనా బాగానే ఉంటుంది. రిమోట్ బటన్ల మీద అంకెలు చెరిగిపోయి, ఒక ఫ్యాన్‌లో మోటారును నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు కూడా మార్పించాక రాస్తున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

మామూలు ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 70 నుంచి 80 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ అయితే 28 నుంచి 35. అట్టపెట్టె మీది అంకెను నమ్మబుద్ధి కాక నేరుగా మీటరు దగ్గరే తేల్చుకున్నాను. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. యూనిట్‌కి అది ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది, మాది 3200. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, ఒక్క ఫ్యాన్ మాత్రం తిప్పి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిలబడ్డాను. పాత ఫ్యాన్‌కి 15 సెకన్లకోసారి వెలిగింది, అంటే 75 వాట్లు. కొత్తదానికి 35 సెకన్లు పట్టింది, అంటే 32. మూడో నంబరుకి తగ్గించి చూస్తే నిమిషం దాటినా ఉలుకూ పలుకూ లేదు. 80 సెకన్లకి వెలిగింది. లెక్కేస్తే 14 వాట్లు!

నా దృష్టిలో దీని అసలు గొప్పతనం ఫుల్ స్పీడ్‌లో కాదు, ఈ తక్కువ స్పీడ్‌లోనే ఉంది. పాతకాలపు పెద్ద రెగ్యులేటర్ స్పీడ్ తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా తగలేస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అంత దుబారా చేయదు గానీ, వోల్టేజ్ తగ్గేకొద్దీ పాత ఫ్యాన్ మోటారు పనితీరే పడిపోతుంది. బీఎల్‌డీసీలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలుంటాయి, దానికి విడిగా కరెంటు అక్కర్లేదు. గంటలకొద్దీ తిరిగిన పాత ఫ్యాన్‌ను ఆపి మోటారు డొప్ప ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, కొత్తది గోరువెచ్చగా ఉంటుందంతే. ఆ వేడంతా మనం కట్టే బిల్లే.

రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్ అనుకుంటే నెలకి పాతది దాదాపు 34 యూనిట్లు, కొత్తది 14. ఒక్క ఫ్యాన్ మీదే 20 యూనిట్ల దాకా మిగులు. శ్లాబుల పద్ధతిలో బిల్లు వేసేచోట ఈ మిగులు పై శ్లాబులోంచి పోతుంది కాబట్టి ఇంకా కలిసొస్తుంది. అదే రోజుకి రెండు గంటలు తిరిగే గదిలో నెలకి మిగిలేది రెండున్నర యూనిట్లు. దానికోసం కొత్త ఫ్యాన్ కొనడం దండగ. అందుకే మేం పడకగదుల్లో, హాల్లో మాత్రమే మార్చాం.

ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. పాత ఫ్యాన్ ఇన్వర్టర్ మీద గుయ్‌మని మోగేది, ఇది మోగదు. లో వోల్టేజ్‌లోనూ స్పీడ్ పడిపోదు.

ఇక సణుగుడు. రిమోట్ అతి పెద్ద తలనొప్పి. దిండు కింద, సోఫా సందులో, ఎక్కడెక్కడో తేలుతుంది. హాల్లో ఒకే కంపెనీవి రెండు ఫ్యాన్లు పెడితే ఒక రిమోట్‌కి రెండూ పలుకుతాయి. గోడ మీది రెగ్యులేటర్‌తో దీనికి పొత్తు కుదరదు, ఎలక్ట్రీషియన్ చేత దాన్ని తీయించి నేరుగా స్విచ్‌కి కలిపించుకోవాలి. రిమోట్‌తో ఆపినా లోపలి బోర్డు కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. అది చాలా తక్కువే అయినా, ఊరెళ్లేటప్పుడు గోడ స్విచ్ కూడా కట్టేయడం మంచిది.

అన్నిటికన్నా పెద్ద లోపం ఆ బోర్డే. మామూలు ఫ్యాన్ నెమ్మదిస్తే వీధి చివరి ఎలక్ట్రీషియన్ కండెన్సర్ మార్చి పది నిమిషాల్లో తిప్పేస్తాడు. మా పడకగది ఫ్యాన్ మాత్రం ఓ ఉరుముల రాత్రి తర్వాత అటూ ఇటూ ఊగడం తప్ప తిరగడం మానేసింది. ఎలక్ట్రీషియన్ చూసి చేతులెత్తేశాడు. వారంటీలో ఉన్నందుకు బోర్డు ఉచితంగానే మార్చారు గానీ, మంచి ఎండల్లో వాళ్ల మనిషి వచ్చేదాకా టేబుల్ ఫ్యానే దిక్కయింది. కాబట్టి కొనేముందు వారంటీ ఎన్నేళ్లు, అది బోర్డుకి కూడా వర్తిస్తుందా, బోర్డు విడిగా దొరుకుతుందా అని గట్టిగా అడగండి. వాట్లు తక్కువని మురిసిపోకుండా గాలి ఎంత విసురుతుందో కూడా చూడాలి. వాట్లు తగ్గించి గాలీ తగ్గించిన ఫ్యాన్లు లేకపోలేదు.

ఏసీ ఉన్న గదిలో దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఫ్యాన్ రెండో నంబరులో తిప్పుతూ ఏసీని 24 బదులు 27లో పెట్టినా ఒంటికి హాయిగానే ఉంటుంది. ఫ్యాన్‌కి పోయే పది వాట్లు, ఏసీలో మిగిలేదాంతో పోలిస్తే లెక్కలోకే రావు.

వంటింట్లో ఇప్పటికీ పాత ఫ్యానే ఉంది. అది రోజుకి గంటో గంటన్నరో తిరుగుతుంది. కాలిపోయేదాకా దాన్ని కదిలించే ఉద్దేశం లేదు.