టెక్‌సన్ పీఎల్-330: బ్యాటరీ మూత తెరుచుకునే రేడియో

టెక్‌సన్ పీఎల్-330 వెనుక మూతను తీస్తే లోపల కనిపించేది బీఎల్-5సీ బ్యాటరీ. నోకియా 1100 వంటి ఫోన్లలో కోట్లాది మంది వాడిన ఆ పలకబ్యాటరీ, ఆ ఫోన్లు కనుమరుగై ఇన్నేళ్లయినా, ఏ మండల కేంద్రంలోని సెల్‌ఫోన్ రిపేరు కొట్లో అడిగినా ఈనాటికీ దొరుకుతుంది. అరచేతిలో ఇమిడే ఈ చైనా రేడియోను నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం ఇదే.

పనితనం గురించి క్లుప్తంగా చెబుతాను. లాంగ్‌వేవ్, మీడియం వేవ్, షార్ట్‌వేవ్, ఎఫ్‌ఎం అన్నీ ఇందులో ఉన్నాయి. ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్ అనే ప్రసార పద్ధతి) కూడా ఉండడం వల్ల 7 మెగాహెర్ట్జ్ దగ్గర హామ్ ఆపరేటర్ల, అంటే అభిరుచి కొద్దీ సొంత రేడియో కేంద్రం నడిపేవారి, సంభాషణలు స్పష్టంగా వినవచ్చు. మీడియం వేవ్‌లో హైదరాబాద్ కేంద్రం 738, విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద, అంటే 9 గుణిజాల మీద, ఉంటాయి కనుక, కొన్నవారు ముందుగా ట్యూనింగ్ అమరికను 9 కిలోహెర్ట్జ్‌కు మార్చుకోవాలి. అమెరికా పద్ధతిలో 10 చొప్పున దూకే అమరికలో వదిలేస్తే, స్కానింగులో ఆ అంకెలు సరిగ్గా తగలవు. స్పీకరు చిన్నదే అయినా వార్తలకు, ప్రసంగాలకు చక్కగా సరిపోతుంది. పాటలు ఇయర్‌ఫోన్‌లో వినడం మేలు.

అసలు చెప్పదలచుకున్నది లోపలి నిర్మాణం గురించి. బజారులో చవకగా దొరికే ఎఫ్‌ఎం స్పీకరు పెట్టెల్లో చాలావాటికి బ్యాటరీని తీగలతో బోర్డుకే సోల్డరింగ్ చేసి, పైన జిగురు పోసి, డబ్బాను స్క్రూలు లేకుండా అతికిస్తారు. చార్జింగ్ నిలవని రోజున, చిప్పు, స్పీకరు, ఏరియల్ అన్నీ బాగున్నా, ఆ పెట్టె చెత్తలోకి వెళ్లవలసిందే. పీఎల్-330 ఆ గతి తప్పించుకుంది. అంతేకాదు, మైక్రో యూఎస్‌బీ సాకెట్టు వదులైపోయి చార్జింగ్ ఎక్కకపోయినా, బ్యాటరీని బయటకు తీసి క్లిప్పుల యూనివర్సల్ చార్జరులో పెట్టి మళ్లీ వాడుకోవచ్చు. తెరుచుకునే ఒక్క మూత రెండు రకాల మరణాల నుంచి సెట్టును కాపాడుతున్నదన్నమాట.

అయితే దీన్ని పూర్తిగా బాగుచేసుకోగలిగిన రేడియో అనడానికి నాకు మనసు ఒప్పదు. పాత ట్రాన్సిస్టరు సెట్టులో స్టేషను మార్చే గ్యాంగు కండెన్సరు, సంకేతాన్ని వడగట్టే ఐఎఫ్‌టీ అనే చిన్న కాయిల్ డబ్బాలు, బీఎఫ్ 194 ట్రాన్సిస్టర్లు దేనికవి విడిగా ఉండేవి. ఒకటి పోతే మెకానిక్ అదొక్కటే మార్చి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో ఐఎఫ్‌టీలు సరిచేసి చేతికిచ్చేవాడు. ఆ సెట్లకు వాటి జబ్బులూ ఉండేవి: డయల్ దారం తెగడం, బ్యాండ్ స్విచ్‌లో చిలుము పట్టడం, ఎండకు స్టేషను పక్కకు జరిగిపోవడం. పీఎల్-330లో ఏరియల్ నుంచి వచ్చిన సంకేతాన్ని అంకెలుగా మార్చి, వడగట్టి, తిరిగి శబ్దంగా అందించే పని దాదాపు అంతా సిలికాన్ ల్యాబ్స్ వారి చిప్పు ఒక్కటే చేస్తుంది కాబట్టి ఆ జబ్బులేవీ లేవు. కానీ ఆ చిప్పు గానీ, డిస్‌ప్లే గానీ పాడైతే మాత్రం కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగినా విడిభాగం దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. విప్పదీయడానికి వీలుండడం ఒక్కటే చాలదు. విప్పిన భాగానికి బదులు భాగం ఊళ్లో అమ్మాలి. తన సొంత కొలతలతో ప్రత్యేకమైన బ్యాటరీని తయారుచేసుకోకుండా, అందరికీ తెలిసిన బ్యాటరీని ఎంచుకోవడమే ఈ కంపెనీ చేసిన తెలివైన పని.

యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులు పోగా, చిన్న పరికరాల బ్యాటరీని వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమలులోకి వస్తుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నియమాలు ప్రధానంగా పారేసిన వస్తువు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుపై పెడుతున్నాయి. అది అవసరమే, కానీ వస్తువు చెత్త కాకముందే పట్టించుకునే నిబంధన మనకూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఈ రేడియో ధర మామూలు ఎఫ్‌ఎం సెట్టుకు ఎన్నో రెట్లు, పైగా దగ్గరలో కంపెనీ సర్వీసు సెంటరు దొరకడం కష్టం; అయినా షార్ట్‌వేవ్ మీద ఆసక్తి ఉన్నవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. బ్యాటరీ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. బీఎల్-5సీ పేరుతో నకిలీలు చాలా ఉన్నాయి. అసలు బ్యాటరీ సామర్థ్యం సుమారు 1000 ఎంఏహెచ్ మాత్రమే కనుక, అదే పరిమాణంలో ఉండి మీద 2000, 3000 అని ముద్రించినవి కొనకండి. కాస్త ఉబ్బినట్లు కనిపించినా వెంటనే తీసేయండి, నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీని విడిగా తీసి ఉంచండి.