అచ్చం నా ప్యాకెట్ లాంటి ప్యాకెట్: ఒక చెనక్కాయల పొడి రివ్యూ

ముందే చెప్పేస్తాను, నేనూ చెనక్కాయల పొడి చేసి అమ్మేదాన్నే. అనంతపురంలో మా ఇంటి వెనక షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని ఆరేళ్లుగా నడుపుతున్నాను. కాబట్టి ఈ రివ్యూలో పక్షపాతం లేదని నమ్మమని అడగను. నా ప్యాకెట్ పేరు చెబితే ప్రచారం అంటారు, దాన్ని కాపీ కొట్టినవాళ్ల పేరు చెబితే మా వకీలు కోప్పడతాడు. రెండు పేర్లూ వదిలేస్తున్నా.

పోయిన నెల రామ్‌నగర్ నుంచి ఒక పెద్దామె ఫోన్ చేసింది. ప్రతి నెలా నాలుగు ప్యాకెట్లు కొని బెంగళూరులో ఉన్న కొడుక్కి పంపించే మనిషి. "ఏమ్మా, ఈసారి పొడిలో పప్పులు కలిపినావే? చెనక్కాయల రేటు పెరిగిందని ఇట్ల చేస్తే ఎట్ల?" అంది. పుట్నాలపప్పును నేను షెడ్డు గడప కూడా దాటనివ్వను. వెనకున్న బ్యాచ్ నంబరు చదివించుకుంటే అది నా పుస్తకంలో లేదు.

ఆ సాయంత్రమే పాతూరులో ఆమె కొనే అంగడికి పోయాను. నా ప్యాకెట్లు ఉండే అరలో ముందు వరస నిండుగా ఉంది. "ఫరవాలేదే, స్టాకు బాగా కనబడేట్టు పెట్టినాడు" అనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాక గానీ అది నాది కాదని నాకే తెలియలేదు. అంగడతను "మీదే అనుకుంటి అక్కా" అన్నాడు. కాసేపు నీళ్లు నమిలి, "మీదాని మీద నాకు 12 రూపాయలు మిగుల్తుంది, దీని మీద 22" అన్నాడు. మొదటి మాట అబద్ధమని రెండో మాటతో తేలిపోయింది. అయినా అతన్ని తిట్టబుద్ధి కాలేదు, ఆరేళ్లుగా నా సరుకు పెట్టుకుంటున్నవాడు. 85 ఇచ్చి ఒకటి కొనుక్కొచ్చాను.

ముందు ప్యాకెట్ సంగతి. దానికి అయిదుకు అయిదు ఇస్తాను, ఎందుకంటే అది నాదే. పసుపు పౌచ్, పైన ముదురు గోధుమ రంగు పట్టీ, మధ్యలో చెనక్కాయ ఆకారంలో పొడి కనబడే కిటికీ, కింద రోలు, రోకలి పట్టుకున్న చేతులు. నాదాంట్లో రెండు చేతులు, వాళ్లదాంట్లో ఒకటి. నా పట్టీ నిటారుగా ఉంటుంది, వాళ్లది కొంచెం వంపు. పేరు వేరే, అక్షరాలు మాత్రం అదే తెలుపులో, అదే లావులో. వెనక "వేడి అన్నంలో నెయ్యి వేసుకుని" అని నేను రాయించిన వాక్యం కూడా దించేశారు. అది నా ప్యాకెట్‌లో "నేయ్యి" అని తప్పు పడింది. వాళ్లదాంట్లోనూ "నేయ్యి"యే!

ఆ తప్పు నాకు మొదటి నుంచీ తెలుసు. పోయిన వారం వరకూ దిద్దలేకపోయానంతే. మొదట్లో తెల్ల కవరు మీద స్టిక్కర్ అంటించి అమ్మేదాన్ని. ప్రింటెడ్ పౌచ్‌కు మారాలంటే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు సిలిండర్ చెక్కించాలి, పైగా ప్రింటింగ్ వాళ్లు అడిగినన్ని పౌచ్‌లు ఒకేసారి తీసుకోవాలి. నా గాజులు అప్పుడే బ్యాంకుకు పోయాయి. ఒక్క అక్షరం కోసం మళ్లీ సిలిండరా అని ఊరుకున్నాను. అలా నేను గాజులు కుదువపెట్టి చేయించుకున్న ముఖం వాళ్లకు ఊరికే దొరికింది.

ఇక బరువు. పౌచ్ సైజు ఒకటే కానీ నాది 200 గ్రాములు, 90 రూపాయలు. వాళ్లది 180 గ్రాములు, 85. చూడ్డానికి అయిదు రూపాయలు తక్కువ, కిలో లెక్కన చూస్తే నాది 450, వాళ్లది 472. పదార్థాలను బరువు ఎక్కువున్న దానితో మొదలుపెట్టి వరసగా రాయాలన్నది రూలు. వాళ్లు రాశారు, చీమల బారులా. చెనక్కాయల తర్వాత రెండోది పుట్నాలపప్పు. పెద్దామె నాలుక తప్పలేదు. ఇంకో సంగతి, ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు 14 అంకెలుంటుంది. నాలాంటి చిన్న రిజిస్ట్రేషన్లకు అది 2తో మొదలవుతుంది, లైసెన్సు తీసుకున్నవాళ్లకు 1తో. వాళ్లది 1. అంటే నాకంటే పెద్దవాళ్లే. చిన్నవాళ్లు పెద్ద కంపెనీని కాపీ కొట్టడం చూశాను గానీ ఇది కొత్త.

పొడి మాత్రం, నిజం చెప్పాలి, చెడ్డగా లేదు. విత్తనాలు ఒకే తీరుగా వేగాయి, మిషన్ రోస్టర్ వాడి ఉంటారు. నా బాణలిలో అప్పుడప్పుడు అడుగు మాడుతుంది. కారం సరిపోయింది. వెల్లుల్లి పొడి వేశారు కాబట్టి పచ్చి తెల్లగడ్డ దంచిన ఘాటు లేదు, చింతపండుకు బదులు సిట్రిక్ యాసిడ్, నాలుక చివర్న చురుక్కుమంటుంది. రాగి సంగటిలో పెట్టుకుంటే పప్పుల వల్ల నోట్లో పిండిపిండిగా తగులుతుంది, నూనె దిగదు. దోసె మీద చల్లితే మాత్రం బాగుంది. మా ఆయన రెండు దోసెలు దాంతోనే తిని, ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఆ రాత్రి ఇంట్లో మాటల్లేవు. పొడికి అయిదుకు మూడు.

మూడు మార్కుల పొడి చేయగలిగిన వాళ్లకు నా ముఖం ఎందుకు? "పప్పులు కలిపిన దోసె పొడి, ధర తక్కువ" అని వాళ్ల రంగులో వాళ్లు అమ్ముకుంటే నేనే పక్క అరలో చోటు చూపిస్తాను. నా ఖాతాదారు దాన్ని నాదనుకుని కొని, నచ్చక, నన్ను తిట్టడం దగ్గరే కడుపు మండుతుంది. ఫోన్ చేసింది ఒక్కామె. ఫోన్ చేయకుండా మానేసినవాళ్లు ఎందరో.

మా చిన్నాయన కొడుకు ఇక్కడే వకీలు. వాళ్ల డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే "పసుపు రంగు ఎవరి సొత్తూ కాదు" అన్నాడట. నిజమే, పసుపు నాది కాదు. పసుపు, పట్టీ, కిటికీ, రోలు అన్నీ కలిపితే నాది. మా వాడు పార్లే కంపెనీ కేసు చెప్పాడు. వాళ్ల గ్లూకో బిస్కెట్ల కాగితం మీద పొలంలో ఒక అమ్మాయి, ఆవులు, కోళ్లు ఉండేవట. మైసూరు కంపెనీ ఒకటి అలాంటి బొమ్మతోనే బిస్కెట్లు అమ్మింది. ఒకచోట అమ్మాయి చేతిలో నీళ్ల బకెట్టు, ఇంకోచోట నెత్తిన గడ్డిమోపు. కింది కోర్టులు తేడాలున్నాయని కొట్టేస్తే, 1972లో సుప్రీంకోర్టు పార్లే వైపు తీర్పిచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకడం కాదు, ఈరోజు ఒకటి చూసినవాళ్లు ఇంకోరోజు రెండోది చూసి అదే అనుకుంటారా అన్నది చూడాలట. మామూలు మనిషికి షెర్లాక్ హోమ్స్ కళ్లుండవని కూడా రాశారట. నేనైతే నా ప్యాకెట్‌నే గుర్తుపట్టలేదు.

నేను 4,500 కట్టి ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించింది పేరు ఒక్కటే. ఇప్పుడు లేబుల్‌ను రంగులతో సహా రిజిస్ట్రేషన్‌కు పెట్టాం. రిజిస్ట్రేషన్ లేకపోయినా, మన సరుకని భ్రమపెట్టి అమ్మితే 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద కూడా దావా వేసే హక్కు పోదట. నోటీసు పంపాం. పెద్దామె ఫోనే పెద్ద సాక్ష్యం అన్నాడు మా వాడు. ఆమెనడిగితే "కోర్టు మెట్లు నేనెక్కల్నా? కావాలంటే ఇంకో నాలుగు ప్యాకెట్లు కొంటాలే" అంది.

పోయిన వారమే కొత్త సిలిండర్ చెక్కించాను. ఇప్పుడొచ్చే నా ప్యాకెట్ల మీద "నెయ్యి" అని సరిగ్గా ఉంటుంది. కొనేముందు వెనక్కు తిప్పి చూడండి, "నేయ్యి" అని ఉంటే అది నాది కాదు. ఇది చదివి వాళ్లు కూడా దిద్దుకుంటారేమో. దిద్దుకోనీ, వాళ్లకూ ఒక సిలిండర్ ఖర్చు.