అలిగిన మయసభ కోసమైనా ఈ పుస్తకం చదవండి

రోషని చోక్షి రాసిన ‘ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ 2018లోనే వచ్చింది కానీ నేను చదివింది మాత్రం ఇప్పుడే. అదీ మా పన్నెండేళ్ల అమ్మాయి రెండు రోజుల్లో చదివేసి "అమ్మా, మయసభ చాప్టర్ వరకైనా చదువు" అని వెంటపడితే. పాండవులు మళ్లీ ఆడపిల్లలుగా పుట్టి అమెరికాలో స్కూలుకెళ్తుంటారు అని వినగానే భారతాన్ని పలచన చేసి పిల్లలకు పట్టించి ఉంటారులే అనుకున్నాను. నా అంచనా తప్పింది.

ఆరూ ఏడో తరగతి. అట్లాంటాలో బాగా డబ్బున్న పిల్లలు చదివే స్కూలు. వాళ్లమ్మ ఒక మ్యూజియం చూసుకుంటుంది, ఇల్లు కూడా అందులోనే. సెలవులకి ఊళ్లు తిరిగొచ్చే పిల్లల మధ్య తను తక్కువ కాకూడదని ఆరూ అబద్ధాలు అల్లేస్తుంటుంది. ఒకరోజు ముగ్గురు క్లాస్‌మేట్లు మ్యూజియం గుమ్మంలోకి వచ్చి నిలదీస్తారు, ఆ టైముకి తను స్పైడర్‌మ్యాన్ పైజామాలో ఉంటుంది. పరువు కాపాడుకోవడానికి ముట్టుకోకూడదని వాళ్లమ్మ మరీ మరీ చెప్పిన దీపం వెలిగిస్తుంది. అంతే, కాలాన్ని అంతం చేసేవాడు నిద్రలేస్తాడు, వాళ్లమ్మతో సహా అందరూ ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా ఆగిపోతారు. లోకానికి వచ్చిన ముప్పు స్కూల్లో చిన్నబోకూడదన్న ఒక పిల్ల టెన్షన్‌లోంచి పుట్టడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆ వయసులో అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉండదు.

మనకి కథలు ముందే తెలుసు కాబట్టి ఇది చదవడంలో ఒక అదనపు సరదా ఉంది. ఇంద్రుడి వజ్రాయుధం ఆరూ చేతికి పింగ్‌పాంగ్ బంతిలా వస్తుంది, యమధర్మరాజు దండం ఆరూలాగే పాండవ అంశతో పుట్టిన మినీ చేతికి పౌడర్ అద్దంలా. తల మీద చెయ్యి పెట్టి బూడిద చేసే రాక్షసుడు బ్యూటీ పార్లర్లో తేలతాడు, ఆ చేతిని ఏం చెయ్యాలో మన పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. వీళ్లకి గురువుగా వచ్చే పావురం తన పేరు సుబల అని చెప్పగానే నాకు గాంధారి తండ్రి గుర్తొచ్చి అనుమానం మొదలైంది. ఆ అనుమానం నిజమా కాదా అన్నది చెప్పను, మీరే చూసుకోండి.

ఇక మయసభ. మనకి మయసభ అంటే దుర్యోధనుడు నీళ్లనుకుని నేల మీదా, నేలనుకుని నీళ్లలోనూ తడబడటం, అంతవరకే. జూదంలో ఓడి పాండవులు అడవికి వెళ్లిపోయారు, యుద్ధం గెలిచాక హస్తినాపురంలో కూర్చున్నారు. మరి అంత ముచ్చటపడి కట్టించుకున్న ఆ ఇల్లు ఏమైందని ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇందులో ఆ ఇల్లు ఇంకా ఉంది. మాట్లాడుతుంది, నన్నొదిలేసి వెళ్లిపోయారు కదా అని అలుగుతుంది, వచ్చిన పిల్లల్ని మాయలతో ఏడిపిస్తుంది. వాళ్లు వెళ్తున్నప్పుడు మాత్రం... నాకు గొంతు పట్టేసింది. మా అమ్మాయి అయితే పుస్తకం మూసి, పాత ఇళ్లకి మనం గుర్తుంటామా అని అడిగింది.

లోపాలు లేకపోలేదు. జోకులు మరీ ఎక్కువ, ప్రాణం మీదికొచ్చిన చోట కూడా ఏదో ఒక సినిమా మాట పడుతుంది, దాంతో భయం నిలవదు. మధ్యలో యమలోకానికి తాళంచెవులు వెతకడం ఒకటి తర్వాత ఒకటి వీడియో గేమ్ లెవెల్స్‌లా సాగుతుంది. స్కూలు కథ కోసం చదివేవాళ్లకి ఇంకో నిరాశ, క్లాస్‌మేట్లు మొదట్లోనే బొమ్మలైపోవడంతో ఆ గొడవ అక్కడే ఆగిపోతుంది, చివర్లో కాసేపు తప్ప స్కూలు ఊసే ఉండదు. నాకు ఆ పిల్లలతో ఆరూ తేల్చుకోవడం ఇంకా చూడాలనిపించింది.

పదేళ్లు దాటిన పిల్లలు హాయిగా చదవగల ఇంగ్లిష్. పిల్లలకి భారతం కాస్తయినా చెప్పి ఇవ్వండి, కనీసం పాండవులు ఎవరెవరి కొడుకులో తెలిస్తే సగం ఆనందం పెరుగుతుంది. మొత్తం ఐదు పుస్తకాలు, ఆఖరిది 2022లో వచ్చింది. రెండోది ఇప్పుడు మా అమ్మాయి దిండు కింద ఉంది, తను ముగించేదాకా నాకు ఇవ్వనంటోంది.