ఆఫీసు ఫైర్‌వాల్ దాటడానికి ప్రాక్సీజంప్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మా ఆఫీసు సర్వర్లన్నీ ఫైర్‌వాల్ వెనకే ఉంటాయి. రాత్రి డ్యూటీలో ఇంటి నుంచి వాటిలోకి వెళ్లడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నది దూరంలోని సర్వర్లలోకి భద్రంగా లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ ప్రోగ్రామ్‌లో ఉన్న ప్రాక్సీజంప్, అంటే మధ్యలో ఒక మెషీన్ మీదుగా వెళ్లే సదుపాయం. అంతకు ముందు ఒక వీపీఎన్ క్లయింట్ ఉండేది. అది కనెక్ట్ అయిందంటే ల్యాప్‌టాప్ ట్రాఫిక్ మొత్తం ఆఫీసు మీదుగా పోయేది, ఇంట్లో ప్రింటర్ కూడా దొరికేది కాదు. పైగా నాకు కావాల్సింది రెండు మూడు సర్వర్లే అయినా లోపలి నెట్‌వర్క్ అంతా తెరుచుకునేది.

ఇప్పుడు ఫైర్‌వాల్‌లో ఒకే ఒక్క మెషీన్‌కు, ఒకే పోర్టుకు అనుమతి ఉంది. దాన్ని మేం జంప్ హోస్ట్ అంటాం. ల్యాప్‌టాప్ ముందు దానికి లాగిన్ అయి, అక్కడి నుంచి లోపలి సర్వర్ దాకా ఒక దారి మాత్రం వేయించుకుంటుంది. అసలు లాగిన్, ఎన్‌క్రిప్షన్ రెండూ ల్యాప్‌టాప్‌కీ చివరి సర్వర్‌కీ మధ్యే జరుగుతాయి. జంప్ హోస్ట్ ఎవరి చేతిలో పడినా మనం టైప్ చేసేది వాళ్లకు కనిపించదు, మన లాగిన్‌కు వాడే రహస్య ఫైల్, అంటే ప్రైవేట్ కీ, అక్కడికి చేరదు. అయితే మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు చూపించే ఫింగర్‌ప్రింట్‌ను (సర్వర్‌ను గుర్తుపట్టే కోడ్) సరిచూడకుండా యెస్ కొట్టేస్తే ఈ భరోసా ఉండదు.

ఏజెంట్ ఫార్వార్డింగ్ సంగతి వేరు. అందులో ల్యాప్‌టాప్‌లో మన కీలను పట్టుకుని ఉండే ఏజెంట్ అనే ప్రోగ్రామ్‌ను జంప్ హోస్ట్ నుంచి కూడా వాడుకోనిస్తాం. జంప్ హోస్ట్‌లో రూట్ (పూర్తి) అధికారం ఉన్నవాళ్లు, మనం కనెక్ట్ అయి ఉన్నంతసేపూ మన ఏజెంట్‌ను వాడుకుని మన పేరుతోనే వేరే సర్వర్లలోకి వెళ్లగలరు. ప్రాక్సీజంప్ 2016లోనే, 7.3 వెర్షన్‌తో వచ్చింది. అయినా ఏజెంట్ ఫార్వార్డింగే అలవాటుగా వాడే టీములను చూస్తే బాధేస్తుంది.

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఒక్కచోటే. కమాండ్‌లో కీ ఫైల్ పేరు ఇస్తారు, ఆ కీ సరైనదే, అయినా పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. కారణం ఏమిటంటే, కమాండ్ లైన్‌లో ఇచ్చిన ఆప్షన్లు చివరి సర్వర్‌కే వర్తిస్తాయి, మధ్యలో ఉన్న జంప్ హోస్ట్‌కు వర్తించవు. కాన్ఫిగ్ ఫైల్‌లో జంప్ హోస్ట్‌కు ఒక హోస్ట్ బ్లాక్, లోపలి సర్వర్లకు మరొకటి రాసి, యూజర్ పేరు, కీ ఫైల్ దేనికి దానికి ఇస్తే ఈ తలనొప్పి ఉండదు. ఆ తర్వాత సర్వర్ పేరు ఒక్కటి కొడితే చాలు, లోపల ఉంటాం.

రెండో చికాకు ఫైర్‌వాల్‌దే. కాసేపు ఏమీ టైప్ చేయకపోతే అది కనెక్షన్‌ను చప్పుడు లేకుండా మర్చిపోతుంది. టీ తాగి వచ్చి ఎంటర్ కొడితే కర్సర్ కదలదు, ఎర్రర్ కూడా రాదు. సర్వర్‌ను అప్పుడప్పుడు పలకరిస్తూ కనెక్షన్‌ను బతికించే సర్వర్‌ఎలైవ్‌ఇంటర్వల్‌ సెట్టింగ్‌ను 60 సెకన్లకు పెట్టాక నాకు ఆ బెడద తగ్గింది. అప్పటికే బిగుసుకుపోయిన సెషన్ అయితే ఎంటర్, టిల్డా (~), చుక్క (.) వరసగా కొట్టండి, వెంటనే తెగిపోతుంది. కరెంటు పోయి వైఫై పడిపోవడం మాకు మామూలే కాబట్టి, గంటలు పట్టే పని ఏదైనా, కనెక్షన్ తెగినా సర్వర్‌లో పనిని ఆగనివ్వని టీమక్స్‌లోనే మొదలుపెడతాను. ఎస్‌ఎస్‌హెచ్‌కు బదులు వాడే మోష్ అనే ప్రోగ్రామ్ మొబైల్ డేటా మీద చాలా బాగుంటుంది కానీ, దానికి యూడీపీ 60000 నుంచి 61000 దాకా పోర్టులు కావాలి. మా నెట్‌వర్క్ టీమ్ ఒప్పుకోలేదు, వాళ్లది న్యాయమే.

బయటికి తెరిచి ఉన్నది ఒక్క మెషీనే కావడం ఎంత మేలో 2024 జులైలో బాగా తెలిసింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో రెగ్రెస్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రతా లోపం బయటపడి, దాన్ని సరిచేసిన 9.8 వెర్షన్ వచ్చినప్పుడు ముందు దేన్ని ప్యాచ్ చేయాలన్న టెన్షనే లేదు. జంప్ హోస్ట్ పని అయ్యాక మిగతావాటిని నిదానంగా చేసుకున్నాం.

నాకు ఇప్పటికీ తృప్తి లేనిది కీల నిర్వహణ. ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ల పబ్లిక్ కీని (ప్రైవేట్ కీకి జతగా సర్వర్‌లో ఉంచేది) ప్రతి సర్వర్‌లోనూ వెతికి తీసేయాలి. పదిమంది దాటిన టీమ్ అయితే మామూలు కీలు వదిలేసి, గడువు ఉండే ఎస్‌ఎస్‌హెచ్ సర్టిఫికెట్లకు మారండి. జంప్ హోస్ట్ వరకైనా యూఎస్‌బీ సెక్యూరిటీ కీ పెట్టుకోండి, 8.2 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది. లోపలి ఫైల్ షేర్లు, ఫోన్ కాల్స్ లాంటివి కూడా ఇంటికి రావాలంటే మాత్రం ఇది చాలదు, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అడగండి.