టెలస్ క్యాసెట్లు: పద్నాలుగో సంచికతో మొదలుపెట్టండి

మనవాళ్ళు చందమామకి చందా కట్టినట్టే, ఒకప్పుడు న్యూయార్క్‌లో కొందరు క్యాసెట్లకి చందా కట్టేవారు. ఆ క్యాసెట్ పత్రిక పేరు టెలస్. 1983లో చిత్రకారుడు జోసెఫ్ నెచ్వటాల్, క్యూరేటర్ క్లాడియా గూల్డ్, సంగీతకర్త క్యారల్ పార్కిన్‌సన్ కలిసి మొదలుపెట్టారు. రెండు నెలలకొకటి అనుకున్నారు గానీ, 1993 దాకా వచ్చినవి మొత్తం 27. చందాదారుల ఓపికకి దండం పెట్టాలి.

ఎల్పీ వేయాలంటే ఖర్చెక్కువ, పైగా ఒకేసారి వందల కాపీలు తీయాలి. క్యాసెట్ అయితే కావలసినన్ని కాపీ చేసుకుని కవర్లో పెట్టి పోస్టు చేయొచ్చు. రికార్డు కంపెనీలు గుమ్మం ఎక్కనివ్వని సంగీతమంతా ఇందులోకి చేరింది అందుకే.

నేను వయొలిన్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఈ ప్రయోగాల మీద నాకు పెద్ద భక్తేమీ లేదు. పద్నాలుగో సంచిక మాత్రం నన్ను కదలకుండా కూర్చోబెట్టింది. దాని విషయం జస్ట్ ఇంటోనేషన్, అంటే స్వరాలని చిన్న అంకెల నిష్పత్తుల్లో శ్రుతి చేసుకునే పద్ధతి. పియానోలో స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేస్తారు. అలా చేస్తే అంతర గాంధారం ఉండాల్సిన చోటుకన్నా కాస్త పైన పడుతుంది. సెంట్లలో (స్థాయి మొత్తం 1200 సెంట్లు) చెప్పాలంటే, స నుంచి 386 దగ్గర ఉండాల్సింది 400 దగ్గరికి పోతుంది. ఈ క్యాసెట్‌లోని వాళ్ళు ఆ సర్దుబాటు మాకొద్దని స్వరాల కంపనాలు 5:4, 3:2 లాంటి నిష్పత్తుల్లోనే ఉండేలా శ్రుతి చేసుకున్నారు. తంబురా బాగా కలిసినప్పుడు మంద్ర షడ్జమం తీగలోంచి, ఎవరూ మీటని గాంధారం ఒకటి పలుకుతుంది. స్వయంభూ గాంధారం అంటాం. 5:4 అంటే ఆ గాంధారమే! కీబోర్డు మీద స్వరాలు పట్టుకున్న పిల్లలు తంబురా పక్కన పాడితే గాంధారం దగ్గర ఏదో గుచ్చుకుంటుంది. కారణం ఇదేనని తల్లిదండ్రులకి చెప్పి చెప్పి విసిగిపోయాను. ఇకమీదట ఈ క్యాసెట్ వినిపిస్తాను.

అందులో అన్నీ బాగున్నాయా అంటే, లేవు. గమకం అసలే లేదు. కొన్నైతే శ్రుతి సరిచూసుకోవడంతోనే అయిపోయినట్టుంటాయి. ఇంకో ఇబ్బంది, మిగతా సంచికల్లో కూడా ఉన్నదే: చాలా వరకు చిన్న చిన్న ముక్కలు. ఆలాపన అలవాటైన చెవి కుదురుకునేలోపే తర్వాతది మొదలవుతుంది.

పదో సంచిక అంతా గిటార్లే. సోనిక్ యూత్ అనే రాక్ బృందం నుంచి లీ రనాల్డో, థర్‌స్టన్ మూర్ ఉన్నారు. సరదాగా ఉంది, ఒకసారి వినొచ్చు. పదమూడోది పవర్ ఎలక్ట్రానిక్స్, అంటే ఎలక్ట్రానిక్ రొదనే సంగీతంగా వినిపించడం. జపాన్ నుంచి మెర్జ్‌బౌ, అమెరికా నుంచి కంట్రోల్డ్ బ్లీడింగ్ వగైరా. వాల్యూమ్ సగానికి తగ్గించి పెట్టండి, పక్కింటివాళ్ళతో పేచీ ఎందుకు. ఏది టేపు రొదో, ఏది వాళ్ళు కావాలని పెట్టిన రొదో తేల్చుకోలేకపోయాను.

వినడానికి పైసా ఖర్చు లేదు, ఉబువెబ్ అనే వెబ్‌సైట్‌లో ఈ సంచికలు పెట్టారు. అసలు క్యాసెట్టే కావాలనుకుంటే, లోపల టేపుని హెడ్‌కి అదిమిపెట్టే చిన్న ఫెల్టు ముక్క ఉందో లేదో అమ్మేవాణ్ణి ముందే అడగండి. పాత క్యాసెట్లలో జిగురు ఎండి అది ఊడిపోతుంది, శబ్దం మందగిస్తుంది. నాకు పద్నాలుగోది దొరికితే కొంటాను. పదమూడోది ఊరికే ఇచ్చినా వద్దు.