వేల ఫొటోల పనికి ఇమేజ్‌మ్యాజిక్, జీఎన్‌యూ ప్యారలెల్: కొన్నేళ్లు వాడాక

కడపలో పెళ్లి ఫొటోల ఎడిటింగ్ నా పని. దేవుని కడపలోనో ఒంటిమిట్టలోనో ఒక ముహూర్తం అయిందంటే, కెమెరాలన్నీ కలిపి వేలల్లో జేపెగ్ ఫైళ్లు వచ్చి పడతాయి. ఆల్బమ్‌కు ఏవి కావాలో పెళ్లివాళ్లు చూసి చెప్పాలి కాబట్టి, అన్నిటినీ చిన్న సైజులో, మీద స్టూడియో పేరు వేసి పంపాలి. ఈ పనంతా ఉబుంటు లినక్స్‌లో కమాండ్ లైన్ మీదనే, అంటే కమాండ్లు టైప్ చేసే చేస్తున్నా.

ఫొటోలను కమాండ్లతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్ పాతకాపు. 1987లో జాన్ క్రిస్టీ డ్యూపాంట్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టినది. సైజు తగ్గించడం, అడ్డం పడిన ఫొటోను నిలబెట్టడం, పేరు వేయడం ఒక్క కమాండ్‌తో అయిపోతాయి. అందులోని మోగ్రిఫై కమాండ్ వాడేవాళ్లు మాత్రం పాత్ ఆప్షన్‌తో వేరే ఫోల్డరు చూపించాలి, లేకుంటే అది అసలు ఫైలు మీదనే రాసేస్తుంది. ఫొటోలో దాగిన అదనపు సమాచారాన్ని తీసేసే స్ట్రిప్ ఆప్షన్‌తో ఫైలు రొంత తగ్గుతుంది కానీ, రంగులు ఎలా చూపాలో చెప్పే కలర్ ప్రొఫైల్ కూడా పోతుంది. అడోబీ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల పద్ధతిలో తీసిన ఎర్ర పట్టుచీర అప్పుడు పాలిపోయినట్టు కనిపిస్తుంది. ముందు మామూలు తెరలు వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ఆ తర్వాతే స్ట్రిప్ చేయండి.

అసలు మెచ్చుకోవలసింది, ఒకే కమాండ్‌ను చాలా ఫైళ్ల మీద ఒకేసారి నడిపే జీఎన్‌యూ ప్యారలెల్‌ను. ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకూ పని పంచుతుంది, నిజమే. ఆ మాటకొస్తే ఎక్స్‌ఆర్గ్స్ అనే కమాండ్ కూడా పంచుతుంది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం జాబ్‌లాగ్. ఏ ఫైలు పని ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు పట్టింది, సరిగా ముగిసిందా లేదా అన్నది ఒక్కో వరుసగా రాసి పెడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, మళ్లీ వచ్చాక రెజ్యూమ్ అని చేర్చి అదే కమాండ్ ఇస్తే చాలు. అయినవాటి జోలికి పోదు. రెజ్యూమ్ ఫెయిల్డ్ అంటే చెడిపోయినవాటిని కూడా మళ్లీ చేస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. రెజ్యూమ్ చూసేది ఫైలు పేరును కాదు, వరుస సంఖ్యను. మధ్యలో ఎవరో ఇంకో కార్డు తెచ్చి అదే ఫోల్డరులో పోస్తే లెక్క మొత్తం జారిపోతుంది. అందుకే ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్ ఇచ్చిన పేర్లను ముందే సార్ట్ చేసి ఒక టెక్స్ట్ ఫైలులో భద్రం చేస్తా. ప్యారలెల్‌కు ఇచ్చేది ఆ జాబితానే. కొత్త కార్డుకు కొత్త జాబితా, కొత్త లాగ్. కరెంటు పోయిన రోజు ఇంకో పని కూడా తప్పదు: సున్నా సైజు ఫైళ్లు ఉన్నాయేమో ఫైండ్‌తో వెతకాలి. లాగ్‌లో పూర్తయినట్టే ఉన్నా డిస్కు దాకా చేరనివి ఉండవచ్చు.

మెమరీ సంగతి ముందే చూసుకోండి. ఇమేజ్‌మ్యాజిక్ 6వ వెర్షన్ క్యూ16 (ఒక్కో రంగుకు 16 బిట్ల) రకంలో పిక్సెల్‌కు 8 బైట్లు పడుతుంది. అంటే 24 మెగాపిక్సెల్ ఫొటో ఒక్కటి తెరిస్తేనే దాదాపు 190 ఎంబీ, డిస్కు మీద దాని సైజు ఎంతైనా సరే. 7వ వెర్షన్ హెచ్‌డీఆర్‌ఐ (రంగుల విలువలను దశాంశాలతో దాచే రకం) ఇంకా ఎక్కువ తింటుంది. 4 జీబీ మెషీన్ అయితే ప్యారలెల్‌లో ఒకేసారి నడిచే జాబ్స్ 2కి మించవద్దు. ఇమేజ్‌మ్యాజిక్ తనంతట తానూ థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని పాయలు) పుట్టిస్తుంది కాబట్టి, మ్యాజిక్ థ్రెడ్ లిమిట్ అనే సెట్టింగ్‌ను 1కి కట్టేయండి. జేపెగ్ సైజ్ అనే డిఫైన్ ఆప్షన్ ఇస్తే ఫొటోను తెరిచేటప్పుడే చిన్నగా తెరుస్తుంది, వేగమూ మెమరీ రెండూ కలిసొస్తాయి.

రంగులు దిద్దే పనికి ఈ పద్ధతి పనికిరాదు. మండపం దీపాల కింద తీసిన ఒక్కో ఫొటోను కంటితో చూసి సరిచేయాల్సిందే. పెద్ద బ్యాచ్ ఏదైనా మొదలుపెట్టేముందు మాత్రం ప్యారలెల్‌కు డ్రై రన్ ఇచ్చి, అది నడపకుండా చూపించే కమాండ్లలో మొదటివి కొన్ని చదవండి. పేర్లలో ఖాళీలు, కొటేషన్ గుర్తులు ఉన్న ఫైళ్లు ఎలా వెళ్తున్నాయో అక్కడే తెలిసిపోతుంది.